కార్బెట్ భుజానికి సరిపోయిన తుపాకి

పత్తి ఏరే రోజులొచ్చాయంటే మా కాగజ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తారు. ఇంత సద్ది కట్టుకుని, నడుముకు ఒడి కట్టుకుని మంచు విడవకముందే చేలల్లోకి దిగేవాళ్లు. ఈ మధ్య ఆ అలవాటు మారింది. 2020 నవంబరులో ఒక్క నెలలోనే మా జిల్లాలో ఇద్దరిని పులి చంపింది. వాళ్లలో ఒకమ్మాయి పత్తి చేలోనే పోయింది. 2024 నవంబరు చివర్లో మళ్లీ అదే పత్తి, అదే పులి భయం, ఇంకో యువతి. ఆ తర్వాత అటవీశాఖవాళ్లు ఊరూరా తిరిగి, పొద్దెక్కాకే చేలకు వెళ్లాలనీ, పొద్దు వాలకముందే ఇల్లు చేరాలనీ, గుంపు విడవొద్దనీ చెప్పారు. తల వెనక తగిలించుకోవడానికి మనిషి ముఖం బొమ్మ ఉన్న మాస్కులు కూడా పంచారు. పులి వెనకనుంచి వస్తుంది కదా, అక్కడా ఒక ముఖం కనబడితే తటపటాయిస్తుందని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అబ్బాయికి తుపాకుల పిచ్చి పట్టింది. ఇంటర్ చదువుతున్నాడు, ఎన్.సి.సి.లో ఉన్నాడు. క్యాంపులో బోర్లా పడుకుని పాయింట్ 22 రైఫిల్‌తో ఐదు గుండ్లు కాల్చొచ్చాడు. ఇంకేముంది, పది రోజులు ఇంట్లో అదే కథ. ఒకరోజు నేను చారుకు తాలింపు పెడుతుంటే ఫోను పట్టుకుని వంటింట్లోకొచ్చి, కొత్తగా నేర్చుకునేవాడు వేట రైఫిల్ కొనాలంటే ఏది మంచిది, తూటా ఎంత లావుండాలి అని నన్నడిగాడు! ఆవాలు మాడిపోయాయి.

మావారు పేపరు మడిచి పక్కన పెట్టి ఒక్క ముక్కలో తేల్చేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ దేశంలో సరదా వేట అన్నదే లేదు, తుపాకి లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, కాబట్టి ఫోను పక్కన పెట్టి లెక్కలు చేసుకొమ్మని. వాడు ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు గానీ, నాకు మాత్రం ఆ ప్రశ్న పోలేదు. ఎందుకంటే ఆ మాట వాడొక్కడే అనడం లేదు. కూరగాయల బండి దగ్గర, బస్టాండులో, ఎక్కడ నలుగురు కలిసినా, ఊరికి పదిమంది కుర్రాళ్లకు తుపాకులిస్తే పులి సంగతి తేలిపోతుందనే మాటే వినబడుతోంది.

మా అమ్మమ్మ ఇంట్లో ఒక తుపాకి ఉండేది. భర్మార్ అనేవాళ్లు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలికలు కుక్కి, సీసపు గుండ్లు వేసి, కడ్డీతో దట్టించి కాల్చే నాటు తుపాకి. నేను పుట్టకముందు సంగతి. మక్క చేను పందులు పాడుచేస్తున్నాయని మా తాత ఒక రాత్రి మంచె మీద కూర్చుని పేల్చాడట. పందికి తగిలింది గానీ పడలేదు. చీకట్లో దాని వెనక వెళ్లడానికి మనసొప్పక తాత ఇంటికొచ్చి పడుకున్నాడు. మర్నాడు కట్టెల కోసం వెళ్లిన ఒకావిడను అదే పంది పొదలోంచి వచ్చి తొడ చీల్చేసింది. ఆవిడ బతికింది గానీ జీవితమంతా కుంటుతూనే నడిచింది. తాత ఆ తుపాకిని మళ్లీ ముట్టలేదు. అమ్మమ్మ మాత్రం బతికున్నన్నాళ్లూ ప్రతి పంటకూ ఆ ఇంటికి ఒక బస్తా మక్కలు పంపేది. ఎందుకని అడిగితే మాట మార్చేసేది.

డిగ్రీ రోజుల్లో లైబ్రరీలో జిమ్ కార్బెట్ పుస్తకం తిరగేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మక్కల బస్తానే. మనలో చాలామందికి కార్బెట్ అంటే మీసాలు తిప్పి, చచ్చిన పులి మీద కాలు పెట్టి ఫొటో దిగిన దొర అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. చదివాక తెలిసింది, మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఒక మనిషి అరవై ఏళ్లు గడిపాడని.

జిమ్ 1875 జూలై 25న నైనితాల్‌లో పుట్టాడు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టరు. తల్లి మేరీ జేన్. ఆమె కథే ఒక నవలకు సరిపోతుంది. 1857 తిరుగుబాటు రోజుల్లో మొదటి భర్తను పోగొట్టుకుంది, ఆగ్రా కోటలో తలదాచుకుంది. కార్బెట్ తండ్రితో ఆమెకది రెండో పెళ్లి, ఆయనకూ రెండోదే. ఇటు పిల్లలు, అటు పిల్లలు, ఇద్దరికీ పుట్టిన పిల్లలు. జిమ్‌కు ఆరేళ్లు నిండకముందే, 1881లో, ఆ రెండో భర్త కూడా పోయాడు. రెండుసార్లు విధవరాలైన ఆ తల్లి ఏడుస్తూ కూర్చోలేదు. నైనితాల్‌కు ఎండాకాలం వచ్చే దొరలకు ఇళ్లు అద్దెకు కుదిర్చిపెట్టే వ్యాపారం చేసి అంత సంసారాన్నీ ఈదింది. పెద్దకొడుకు టామ్ తండ్రి ఉద్యోగంలో చేరాడు. ఎండాకాలం నైనితాల్‌లో, చలికాలం కొండ దిగువన కాలాఢుంగీలో కాపురం. కాలాఢుంగీ ఇంటి గడప దాటితే అడవే.

జిమ్ చేతికి మొదట వచ్చిన ఆయుధం తుపాకి కాదు, ఉండేలు. నిమోనియా వచ్చి చావు తప్పి బయటపడ్డప్పుడు టామ్ ఇచ్చిన బహుమతి. మంచంలో ఉన్నన్నాళ్లూ సేవ చేసింది అక్క మ్యాగీ. ఆమె జిమ్ కంటే ఒక్క ఏడాదే పెద్దది. ఉండేలు తర్వాత విల్లంబులు. ఎనిమిదేళ్లప్పుడు, పక్షుల మీద పుస్తకం రాస్తున్న ఒక బంధువు తన దగ్గర మూల పడేసిన జంట గొట్టాల తుపాకిని ఇచ్చాడు. మా తాత భర్మార్‌కు చుట్టమే. అందులో ఒక గొట్టం చీలిపోయింది. పట్టు ఊడిపోకుండా ఇత్తడి తీగతో చుట్టి బిగించారు. బాగున్న ఒక్క గొట్టంతోనే వాడు తుపాకి నేర్చుకున్నాడు. మందుగుండు కొనడానికి డబ్బులుండవు, ఒకసారి పేలిస్తే మళ్లీ నింపడానికి చాలాసేపు పడుతుంది. అందుకని తగులుతుందని తోస్తే తప్ప పేల్చేవాడు కాదు. అడవి గుట్టుమట్లు చెప్పింది కున్వర్ సింగ్ అనే ఊరి మనిషి. దొంగవేటలో ఆరితేరినవాడు. పెద్దయ్యాక ఆ కున్వర్ సింగ్ నల్లమందుకు బానిసై చావుకు దగ్గరైతే, పక్కన కూర్చుని బతికించుకున్నాడు జిమ్. గురుదక్షిణ అంటే అదీ.

పదేళ్లకు బడిలో కాడెట్లలో చేరాడు, అచ్చం మా వాడిలాగే. కాకపోతే మా వాడికి దొరికింది పాయింట్ 22. ఆ గుండు లావు ఐదున్నర మిల్లీమీటర్లు, మిరియపు గింజ కంటే కొంచెం పెద్దదంతే. భుజాన్ని దోమ కుట్టినట్టు కూడా ఉండదట. జిమ్‌కు దొరికింది పాయింట్ 450 మార్టినీ. గుండు పదకొండు మిల్లీమీటర్లకు పైనే లావు, పాతిక గ్రాముల పైచిలుకు బరువు. పేలిస్తే భుజాన్ని గాడిద తన్నినట్టు తన్నేది. ఒకేసారి ఒక్క తూటానే పట్టేది. బడిలో సార్జెంట్ మేజర్ ఒక మంచాయన, శుభ్రంగా తుడిచి, ఖాళీ తూటాలు లెక్కగా తిరిగివ్వాలనే షరతు మీద ఆ తుపాకిని సెలవుల్లో ఇంటికి పట్టుకెళ్లనిచ్చాడు. పదేళ్ల పిల్లాడికి! నేనైతే ఆ మేజరు ఇంటికెళ్లి నాలుగు దులిపేదాన్ని.

ఆ తుపాకితోనే జిమ్ తన మొదటి చిరుతను కొట్టాడు. గుండు తగిలింది, చిరుత ఆగలేదు, వాడి తలమీదుగా దూకి వెళ్లిపోయింది. నెత్తుటి చుక్కలు మీద పడ్డాయి. అక్కణ్నుంచి ఇంటికి పరిగెత్తినా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ పిల్లాడు వణుకుతూనే నెత్తుటి జాడ పట్టుకుని వెళ్లి, దాన్ని కనిపెట్టి, ఇంకో గుండుతో పని పూర్తి చేసి వచ్చాడు. దెబ్బ తిన్న జంతువును అడవిలో వదిలి రాకూడదన్నది ఆ వయసులోనే ఆయనకు ఒంటబట్టిన మొదటి నియమం. ఆ నియమం ఎంత విలువైందో ఇరవై ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఈలోగా బతుకుతెరువు చూసుకోవాలి కదా. ఇరవై నిండకముందే రైల్వేలో కట్టెల పర్యవేక్షణ ఉద్యోగం. తర్వాత బీహారులో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకులు ఒక బండినుంచి ఇంకో బండికి ఎక్కించే కాంట్రాక్టు. ఇరవై ఏళ్ల పైచిలుకు ఆ దుమ్ములో, కూలీలతో కలిసి బొగ్గు మోశాడు. సెలవు దొరికితే కొండల్లోకి పరుగు.

ఇక 1907కు వద్దాం. చంపావత్ ఆడపులి. నేపాల్‌లో 200 మందిని చంపి, అక్కడి సాయుధులు తరిమితే సరిహద్దు దాటి కుమావూ కొండల్లోకి వచ్చింది. ఇక్కడా అంతే పని. చివరికి లెక్క 436కు చేరింది. వాళ్లలో ఎక్కువమంది ఎవరనుకున్నారు? గడ్డి కోసేవాళ్లు, కట్టెలు ఏరేవాళ్లు, పశువులకు ఆకులు కొట్టేవాళ్లు. అంటే ఆడవాళ్లు. ప్రభుత్వం కార్బెట్‌ను పిలిచింది. ఆయన రెండు షరతులు పెట్టాడు. పులి తలమీద ప్రకటించిన బహుమానాలు రద్దు చేయాలి, అడవిలో ఉన్న మిగతా వేటగాళ్లందరినీ వెనక్కి పిలవాలి. డబ్బు కోసం చంపానని అనిపించుకోవడం ఇష్టం లేదు. ఎవరో ఒకరి గుండు పొరపాటున తనకు తగలడం అంతకన్నా ఇష్టం లేదు.

పాలీ అనే ఊరికి వెళ్లేసరికి ఐదు రోజులుగా ఊరంతా తలుపులు వేసుకుని లోపలే ఉంది. ఆ దారిలోనే ఒకావిడ గురించి తెలిసింది. ఏడాది క్రితం అక్కాచెల్లెళ్లు గడ్డి కోస్తుంటే పులి అక్కను ఎత్తుకుపోయింది. చెల్లెలు కొడవలి పట్టుకుని పులి వెంట పరుగెత్తిందట, అక్కను వదిలి తనను తీసుకుపొమ్మని అరుస్తూ! పులి వెనుదిరిగి మీదికొచ్చింది. ఎలాగో ఊళ్లో పడింది గానీ అప్పటినుంచి ఆవిడకు మాట పోయింది. సంవత్సరమంతా మూగగానే ఉంది. నాకు కార్బెట్ పుస్తకాల్లో పులులన్నీ మరిచిపోయినా ఈ కొడవలి ఆడమనిషి మాత్రం మరపు రాదు.

చంపావత్ దగ్గర పదహారు పదిహేడేళ్ల పిల్లను పులి పట్టుకుపోయిన మర్నాడు, అక్కడి తహసీల్దారు 298 మందిని పోగుచేశాడు. లైసెన్సున్న తుపాకి, లేని తుపాకి, ఏదున్నా తెచ్చుకొమ్మన్నాడు. ఆ రోజుకు లైసెన్సులు అడగనన్నాడు. మన బస్టాండులో వాళ్లు కోరుకుంటున్నది సరిగ్గా ఇదే కదా! ఆ కొండ మీద డప్పులు, కేకలు, తుపాకుల మోత. పులి మాత్రం కార్బెట్ ఉన్న వైపే వచ్చింది. ఆయన దగ్గర పాయింట్ 500 జంట గొట్టాల రైఫిల్ ఉంది, తూటాలు మూడే తెచ్చుకున్నాడు. మూడూ అయిపోయాయి. పులికి దెబ్బలు తగిలాయి గానీ ఇంకా నిలబడే ఉంది. పరుగెత్తి తహసీల్దారు చేతిలో తుపాకి లాక్కున్నాడు. దగ్గరకు వెళ్లి ఎత్తి చూస్తే ఏముంది, గొట్టాలకూ వెనక భాగానికీ మధ్య సందు! అది చేతిలో పేలిపోయినా పేలిపోవచ్చు. అయినా పేల్చాడు. గుండు పులి పంజాకు తగిలింది. అంతకుముందు తగిలిన దెబ్బలతోనే అది కూలింది.

పులి నోరు తెరిచి చూశారు. కుడివైపు కోరలు, పైదీ కిందదీ, విరిగిపోయి ఉన్నాయి. పైది సగం, కిందది ఎముక దాకా. ఎప్పుడో ఎవరో పేల్చిన గుండు దెబ్బ. ఆ కోరలు లేక అడవిజంతువును పట్టలేక అది మనిషి మీద పడింది. ఆ పేల్చింది ఎవరో, ఏ తుపాకితో పేల్చారో ఎవరికీ తెలియదు. చేయి కుదరని కొత్తవాడో, తొందరపడినవాడో. పేల్చి, తగిలిందో లేదో చూసుకోకుండా, మా తాతలాగే ఇంటికెళ్లి పడుకుని ఉంటాడు. ఆ ఒక్క గుండు ఖరీదు 436 ప్రాణాలు. బస్తా మక్కలతో తీరేది కాదు.

పులి చర్మం తీసుకుని తిరుగుదారిలో ఆ మాటపోయిన ఆవిడ ఊరు మీదుగా వెళ్లాడు కార్బెట్. చర్మం చూడగానే ఆవిడ వీధిలోకి పరుగెత్తి, అందరూ వచ్చి చూడండని గట్టిగా కేకలు పెట్టిందట. మాట తిరిగొచ్చింది.

ఆ పనికి మెచ్చి అప్పటి సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ 1907లో కార్బెట్‌కు ఒక రైఫిల్ బహూకరించాడు. లండన్‌లో రిగ్బీ కంపెనీ చేసిన పాయింట్ 275. మా వాడు ఫోనులో చూపించే బోల్ట్ యాక్షన్ రకమే. దీని సంగతి కొంచెం చెప్పాలి, భయపడకండి, మన తలుపు గడియలాంటిదే. పిడిని పైకెత్తి వెనక్కి లాగితే కాల్చిన తూటా డొక్క బయటపడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే పెట్టెలోంచి కొత్త తూటా గొట్టంలోకి వెళ్లి గడియ పడుతుంది. అంతే. ఒకే గొట్టం కాబట్టి బరువు తక్కువ, మూడు మూడున్నర కిలోలు. గుండు ఏడు మిల్లీమీటర్ల లావు, తొమ్మిది గ్రాముల బరువు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి, గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. రైఫిల్ అన్న పేరే ఆ గాడుల వల్ల వచ్చింది. తన్ను తక్కువ. తన్ను తక్కువైతే పేల్చేముందు కళ్లు మూసుకోవడం, భుజం బిగబట్టడం ఉండవు. కొత్తవాళ్ల గురి తప్పేది ఎక్కువగా అక్కడేనట.

అదే రోజుల్లో పెద్ద వేటగాళ్ల మోజంతా లావు తూటాల మీద ఉండేది. దీన్ని చూసి చిన్నపిల్లల తుపాకి అన్నట్టు చూసినవాళ్లూ ఉండి ఉంటారు. కార్బెట్ దగ్గరా పాయింట్ 450 బై 400 జంట గొట్టాల బరువు రైఫిల్ ఉంది. దగ్గరగా, దట్టమైన పొదల్లో పులి మీదికొచ్చే చోట అదే పట్టుకెళ్లేవాడు. అక్కడ వెంటనే రెండో గుండు పేలాలి, గడియ లాగేంత వ్యవధి ఉండదు. మరి కొండలెక్కి దిగుతూ రోజుకు పదీ ఇరవై మైళ్లు నడవాల్సినప్పుడు, దూరంనుంచి ఒకే గుండు ఒకేచోట దింపాల్సినప్పుడు ఈ చిన్నదే భుజానికెక్కేది. అలసిన చేత్తో పట్టుకున్న పెద్ద తుపాకి కంటే అలవాటైన చేత్తో పట్టుకున్న చిన్నది మేలు. మనం కత్తిపీట విషయంలో చేసేదీ ఇదే కదా. కొత్తకోడలికి కొబ్బరికాయ కొట్టే కత్తి ఇచ్చి మిరపకాయలు తరగమంటామా?

1926లో రుద్రప్రయాగ చిరుత. ఎనిమిదేళ్లలో 125 మందిని చంపింది. కేదారనాథ్, బదరీనాథ్ వెళ్లే యాత్రికుల దారి అది. చీకటి పడితే ఆ కొండల్లో తలుపు తీసేవాళ్లే లేరు. విషం పెట్టారు, బోనులు పెట్టారు, ఏదీ పారలేదు. కార్బెట్ గోలాబ్రాయి దగ్గర ఒక మామిడిచెట్టు మీద రాత్రులకు రాత్రులు కూర్చుని, మే నెల మొదట్లో దాన్ని కొట్టాడు. చేతిలో ఆ పాయింట్ 275, దానికి కట్టిన టార్చిలైటు, పేలింది ఒకే ఒక్క గుండు.

1930 ఏప్రిల్‌లో చౌగఢ్ ఆడపులి. ఆ రోజు జరిగింది చదివితే నవ్వాలో భయపడాలో తెలియదు. కార్బెట్‌కు పిట్టగుడ్లు సేకరించే అలవాటుంది. నేలమీద గుడ్లు పెట్టే ఒక రాత్రిపిట్ట గుడ్లు రెండు కనిపిస్తే నాచులో చుట్టి ఎడమచేతిలో పట్టుకున్నాడు. ఒక పెద్ద బండ చాటునుంచి మలుపు తిరిగి చూస్తే వెనక, ఎనిమిదడుగుల దూరంలో, ఆడపులి! ఎడమచేతిలో గుడ్లు. కుడిచేత్తో రైఫిల్‌ను మెల్లగా, పులి కళ్లు తన మీదనుంచి కదలకుండా, అంగుళం అంగుళం తిప్పుకుంటూ వచ్చి ఒంటిచేత్తో పేల్చాడు. ఆ రోజు చేతిలో ఉన్నది తేలిక రైఫిల్ కావడం వల్లే బతికానని ఆయనే రాసుకున్నాడు. ఆ పులికి 64 మంది బలైపోయారు. అది చచ్చాక గుడ్లు తీసుకెళ్లి ఎక్కడివక్కడ పెట్టేశాడు. కాసేపటికి పిట్ట వచ్చి వాటి మీద కూర్చుంది.

ఇంతా చెప్పి ఒక మాట దాస్తే తప్పు. కార్బెట్ కొట్టినవన్నీ మనుషుల్ని చంపిన పులులే కావు. పోవల్‌గఢ్ దగ్గర ఎవరికీ కీడు చేయని పెద్ద మగపులిని, అది పెద్దదన్న ఒక్క కారణంతో, 1930లో కొట్టాడు. వైస్రాయిల వేటలకు ఏర్పాట్లూ చేశాడు. అది నాకు నచ్చలేదు. ఆ కాలం అలాంటిదంటారు. మన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌దీ పులుల వేటలో పెద్ద పేరే. బొలారంలో 1910లో పుట్టిన కెన్నెత్ అండర్సన్ కూడా మామండూరు నుంచి నల్లమల దాకా తుపాకితో తిరిగాడు. ఆయనకు ఇష్టమైంది మాత్రం గడియ రకం కాదు, పాయింట్ 405 వించెస్టర్. కాకపోతే కార్బెట్‌కు వయసు పెరిగేకొద్దీ తుపాకి బరువైంది, సినిమా కెమెరా తేలికైంది. వాగు పక్కన దాక్కుని పులులను ఫిల్ము తీయడానికి నెలలకు నెలలు గడిపాడు. అడవిని కాపాడాలని ఊళ్లలో, బళ్లలో చెబుతూ తిరిగాడు. 1936లో ఆ అడవిలో దేశంలోనే మొదటి జాతీయ పార్కు ఏర్పడడంలో ఆయన చేయి ఉంది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైందీ అక్కడినుంచే. అప్పటికి దానికి ఆయన పేరే పెట్టారు.

చివరి నరభక్షకి ఠాక్ ఆడపులి, 1938 నవంబరు 30. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. దాని ఒంటి మీదా మానని పాత తుపాకి గాయాలు రెండు కనిపించాయి. అలాగని అన్నిటికీ తుపాకులే కారణమనుకునేరు. ముక్తేశ్వర్ ఆడపులికి ముళ్లపంది ముళ్లు గుచ్చుకుని కన్ను పోయింది, కాలు పుండైపోయింది. ఆ బాధతో పొదలో పడుకుని ఉంటే గడ్డి కోసే ఒకావిడ దగ్గరకొచ్చింది. అక్కడా గడ్డి కోసే మనిషే!

అక్కాతమ్ముళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు. నైనితాల్ ఇంట్లో మ్యాగీ ఎన్ని రాత్రులు తమ్ముడి కోసం మేలుకుని కూర్చుందో ఏ పుస్తకంలోనూ లేదు. 1944లో 'మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూ' వచ్చినప్పుడు మొదటి ముద్రణ డబ్బును యుద్ధంలో చూపు పోయిన భారత సైనికులకు ఇచ్చేశాడు. 1947 నవంబరులో ఇద్దరూ కెన్యా వెళ్లిపోయారు. నైయేరీ అనే ఊళ్లో 1955 ఏప్రిల్ 19న కార్బెట్ పోయాడు. మ్యాగీ ఇంకో ఎనిమిదేళ్లు ఒంటరిగా ఉంది. కాలాఢుంగీ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఆ పాయింట్ 275 ఆయన పుస్తకాలు వేసిన ప్రచురణ సంస్థకు చేరింది. చాలా ఏళ్ల తర్వాత రిగ్బీ కంపెనీయే తిరిగి కొనుక్కుంది. 2016లో దాన్ని కుమావూ కొండలకు తెచ్చి జనానికి చూపించారు.

ఇదంతా ఒక ఆదివారం మా అబ్బాయికి చెప్పాను. మధ్యలో ఫోను చూసుకుంటాడనుకున్నాను, చూసుకోలేదు. మా తాత పంది కథ మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ కుంటిన ఆవిడ ఇంట్లోవాళ్లు ఇప్పుడెక్కడున్నారని అడిగాడు. నాకు తెలియదు. అమ్మను అడగాలి.

లైబ్రరీనుంచి వాడే పుస్తకం తెచ్చుకున్నాడు. నిన్న టీవీ మీద పెట్టి వెళ్తే తీసి చూశాను. తహసీల్దారు తుపాకి దగ్గర అడ్డంగా ఎన్.సి.సి. క్యాంపు టార్గెట్ కాగితం మడిచి పెట్టుంది. ఐదు గుండ్లలో మూడే కాగితానికి తగిలాయి. వాడు మాత్రం ఇంట్లో ఐదూ తగిలాయనే చెప్పాడు.